మూడు గిటార్లు, ముప్పై మంచుకొండలు

బృందం గ్లాస్గోదైతే వాన. ఐస్‌లాండ్‌దైతే మంచు. టెక్సస్‌దైతే అంతు లేని ఆకాశం. మాంట్రియల్‌దైతే మూతపడ్డ ఫ్యాక్టరీలు, వాటి మీద రాలే బూడిద. టోక్యోదైతే నిశ్శబ్దం, వీలుంటే ఒక చెర్రీ చెట్టు. పోస్ట్-రాక్ ఆల్బమ్‌ను పొగడాలంటే ముందుగా తెలియాల్సింది అందులో ఏం వాయించారన్నది కాదు, బృందం ఏ ఊరిదన్నది. ఊరు తెలిస్తే వాతావరణం తెలుస్తుంది, వాతావరణం తెలిస్తే సమీక్ష సగం అయిపోయినట్టే. మిగతా సగానికి విశ్వం, ప్రళయం, కన్నీరు ఎప్పుడూ నిల్వ ఉంటాయి. అవి ఏ ఊరికైనా సరిపోతాయి.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. పోస్ట్-రాక్ బృందం దగ్గర రాక్ బృందానికుండే సరంజామా అంతా ఉంటుంది: గిటార్లు, బేస్, డ్రమ్స్. మైకు ముందు నిలబడి పాడే మనిషి మాత్రం సాధారణంగా ఉండడు. ఉన్నా ఎప్పుడో ఒకసారి ఏదో గొణిగి తప్పుకుంటాడు. వాద్యం వినీవినపడనట్టు మొదలై, ఎనిమిది నిమిషాలో ఇరవై నిమిషాలో మెట్టు మెట్టుగా పెరిగి, చివరికి హాలు అదిరేలా మోగి ఆగుతుంది. పేరును చలామణిలోకి తెచ్చింది బ్రిటిష్ విమర్శకుడు సైమన్ రేనాల్డ్స్. 1994లో బార్క్ సైకోసిస్ బృందం ఆల్బమ్ ‘హెక్స్’ను సమీక్షిస్తూ ఆ మాట వాడాడు. అదే ఏడాది ‘ది వైర్’ పత్రికలో దాని మీద పెద్ద వ్యాసమే రాశాడు. ఆయన దృష్టి రికార్డయిన ధ్వని ముక్కల్ని తిరిగి వాడుకునే శాంప్లర్ల మీద, స్టూడియో ప్రయోగాల మీద, గిటారును రాక్ పనికి కాకుండా వేరే పనికి వాడుకోవడం మీద. మంచుకొండలు ఆ నిర్వచనంలో లేవు. అవి తర్వాత తోసుకుంటూ వచ్చాయి.

ఎందుకొచ్చాయో ఊహించడం కష్టం కాదు. రాక్ విమర్శకుడు బతికిందంతా పాటలోని మాటల మీద. బాబ్ డిలన్ ఏమన్నాడు, ఎవరిని తలుచుకుని అన్నాడు, ఆ కాపురం ఎప్పుడు చెడింది అన్న ఆరాతోనే దశాబ్దాలు గడిపాడు. శ్రుతి ఎక్కడ మారింది, తాళం ఎన్ని అక్షరాలది అని అతన్ని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. అలాంటి మనిషి చేతికి 2000లో మాంట్రియల్ నుంచి గాడ్‌స్పీడ్ యూ! బ్లాక్ ఎంపరర్ అనే బృందం రెండు డిస్కుల ఆల్బమ్ వచ్చింది. నిడివి 87 నిమిషాలు. ట్రాకులు నాలుగే. గాయకుడు లేడు, ఫొటోలకు నిలబడే మొహాలు లేవు. రేపు సాయంత్రానికి సమీక్ష కావాలని ఎడిటరు ఫోను. పాపం, ఏం చేస్తాడు? కిటికీలోంచి బయటికి చూస్తాడు. అక్కడ వాన పడుతుంటే సమీక్షలోనూ వాన పడుతుంది.

ఆకాశం కేసుతో మొదలుపెడదాం. ఎక్స్‌ప్లోషన్స్ ఇన్ ది స్కై 1999లో టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో పుట్టిన నలుగురి బృందం. పేరులోనే ఆకాశం ఉంది కాబట్టి విమర్శకుడికి వెతుక్కునే శ్రమ కూడా లేకపోయింది. నక్షత్రాలు రాలాయి, పాలపుంతలు ఢీకొన్నాయి, శ్రోత భూమిని వదిలి ఎక్కడికో తేలిపోయాడు. ఆ నలుగురిలో ముగ్గురు పెరిగింది మిడ్‌లాండ్‌లో. పశ్చిమ టెక్సస్‌లోని ఆయిల్ పట్నం అది. ఆకాశం పెద్దదే, కాదనలేం. దాని కింద ఉన్నవి మాత్రం చమురు బావులు, పికప్ ట్రక్కులు, శుక్రవారం రాత్రి హైస్కూలు ఫుట్‌బాల్ పోటీలు. పాలపుంత దాకా వెళ్ళొచ్చిన సమీక్షకుడు ఆ పక్కన ఒక్కరోజు ఆగినా ఇంకో రకం వ్యాసం రాసేవాడేమో.

ఐస్‌లాండ్ బృందం సిగుర్ రోస్ పరిస్థితి మరీ అన్యాయం. వాళ్ళు ఏం వాయించినా హిమానీనదం కదులుతుంది. పియానో మీటితే మంచు కరుగుతుంది, వయొలిన్లు వస్తే అగ్నిపర్వతం మేలుకుంటుంది. రేక్యావిక్ దగ్గర్లో వాళ్ళు స్టూడియోగా మార్చుకున్న భవనం ఒకప్పటి ఈతకొలను. ఈతకొలను అనగానే ఎవరికీ ఒళ్ళు గగుర్పొడవదు కాబట్టి సమీక్షల్లో అది మంచుకొండ వెనక దాక్కుంది. టోక్యో బృందం మోనో వాద్యంలో విమర్శకులు దర్శించిన తూర్పు దేశాల మౌనం సంగతి సరేసరి. వాళ్ళ ముఖ్యమైన ఆల్బమ్‌లు ‘యూ ఆర్ దేర్’ (2006), ‘హిమ్ టు ది ఇమ్మోర్టల్ విండ్’ (2009) రికార్డయింది అమెరికాలో, షికాగోలో, స్టీవ్ ఆల్బినీ అనే ఇంజనీరు దగ్గర.

ఇంతకీ సమీక్షల్లో తెల్లారేదాకా మెరిసే ఆ ఆకాశం నిజంగా ఉంది. కిటికీ బయట కాదు, గిటారిస్టు కాళ్ళ దగ్గర.

పోస్ట్-రాక్ గిటారిస్టు ముందు నేల మీద ఒక పలక, ఆ పలక మీద అరడజను నుంచి డజను దాకా ఇనప డబ్బాలు ఉంటాయి. వాటిని పెడల్స్ అంటారు, కాలితో నొక్కుతారు. డిలే అనే డబ్బా మీటిన స్వరాన్ని కొంచెం ఆలస్యంగా మళ్ళీ మళ్ళీ పలికిస్తుంది, దాంతో ఒక గిటారు నాలుగైనట్టు వినిపిస్తుంది. రివర్బ్ అనేది ఇరుకు గదిలో మీటిన తీగకు పెద్ద మందిరంలో మోగినంత ప్రతిధ్వని తగిలిస్తుంది. కాలిఫోర్నియాలోని స్ట్రైమన్ కంపెనీ 2013లో తెచ్చిన రివర్బ్ పెడల్ పేరు ‘బిగ్‌స్కై’. అందులో పన్నెండు రకాల ప్రతిధ్వనులుంటాయి. ఒకదాని పేరు ‘క్లౌడ్’, ఇంకోటి ‘బ్లూమ్’, మరోటి ‘షిమ్మర్’. న్యూయార్క్ కంపెనీ ఎలక్ట్రో-హార్మోనిక్స్ ఏకంగా ‘కెథీడ్రల్’ పేరుతోనే ఒక పెడల్ అమ్మింది. విమర్శకుడు కళ్ళు మూసుకుని, అంతరాత్మ లోతుల్లోకి దిగి, మబ్బుల్నీ విచ్చుకునే వెలుగునీ కెథీడ్రల్ గోపురాల్నీ దర్శించుకొచ్చి రాసిందంతా డబ్బా మీద ముందే అచ్చయి ఉంది.

షిమ్మర్ చేసే పని ఒకటి చెప్పుకోవాలి. ప్రతిధ్వనిని మధ్య స్థాయి నుంచి తార స్థాయికి లేపి, తిరిగి అదే ప్రతిధ్వనిలో కలుపుతుంది. అది మళ్ళీ లేస్తుంది, మళ్ళీ కలుస్తుంది. సమీక్షల్లో మాటిమాటికీ వినిపించే దేవదూతల బృందగానం ఇదే. దేవదూతలు తొమ్మిది వోల్టుల అడాప్టరు మీద పనిచేస్తారు, ప్లగ్గు పీకితే మానేస్తారు.

దీన్ని బట్టి సంగీతం బూటకమని ఎవరైనా అంటే అది ఇంకో రకం మూర్ఖత్వం. తంబురాలో జవారీ దారం జరిపి నాదానికి రంగు తెచ్చుకోవడమూ పనితనమే. ఎంత ప్రతిధ్వని, ఏ చోట, ఏ స్వరం మీద, ఎప్పుడు ఆపాలి అన్న నిర్ణయాల్లోనే ఆ సంగీతకారుల తెలివంతా ఉంది. వాటి గురించి రాయడం మానేసి మబ్బుల గురించి రాస్తే వాయించినవాళ్ళ కష్టాన్ని వాతావరణ శాఖ ఖాతాలో వేసినట్టవుతుంది. లండన్‌లో ఎవరో చమత్కారి ఈ వరసకు సరైన గౌరవమే చేశాడు. ప్రతిధ్వనుల గిటారు సంగీతానికి బ్రిటిష్ పత్రికలు ఏళ్ళ తరబడి తగిలించిన ‘సోనిక్ కెథీడ్రల్’ అనే అరిగిపోయిన పొగడ్తనే పేరుగా పెట్టుకుని ఒక రికార్డు కంపెనీ నడుపుతున్నాడు.

అన్నిటికన్నా చవగ్గా దొరికే బిరుదు ‘సినిమాటిక్’. ఇందులో తమాషా ఏమిటంటే, కొన్నాళ్ళకి అది నిజమైపోయింది. గాడ్‌స్పీడ్ ‘ఈస్ట్ హేస్టింగ్స్’ అనే ట్రాకుకు వాంకూవర్‌లోని ఒక వీధి పేరు పెట్టుకుంది. 2002లో డానీ బాయిల్ దాన్ని ‘28 డేస్ లేటర్’ సినిమాలో నిర్మానుష్యమైన లండన్ వీధుల మీద పరిచాడు. ఆనాటి నుంచి అది లండన్ ప్రళయమే, వాంకూవర్‌కు హక్కు లేదు. 2004లో ఎక్స్‌ప్లోషన్స్ ఇన్ ది స్కై ‘ఫ్రైడే నైట్ లైట్స్’ సినిమాకి సంగీతం ఇచ్చింది. ఆ కథ జరిగేది ఒడెస్సాలో, మిడ్‌లాండ్‌కు పొరుగూరు. పాలపుంతల నుంచి బృందం చివరికి సొంత జిల్లాకు, హైస్కూలు ఫుట్‌బాల్ మైదానానికి దిగొచ్చిందన్నమాట. సినిమావాళ్ళు కొన్నాక ఆ తరహా గిటారు వినగానే జనానికి స్లో మోషన్లో పరిగెత్తే మనుషులు కనపడటం మొదలైంది. అప్పుడు విమర్శకుడు కాలరెగరేశాడు: చూశారా, సినిమాటిక్ అని ముందే చెప్పలేదూ?

2006లో బీబీసీ తన ప్రకృతి డాక్యుమెంటరీ ‘ప్లానెట్ ఎర్త్’ ట్రైలర్లకు సిగుర్ రోస్ పాట ‘హొప్పిపొల్లా’ను వాడుకుంది. తిమింగలాలు ఎగిరాయి, పక్షుల గుంపులు లేచాయి, లోకం కంట తడి పెట్టుకుంది. పాటలో ఉన్నది పిల్లలు వాన గుంటల్లో దూకడం, ముక్కులోంచి రక్తం కారడం, మళ్ళీ లేవడం. హాయిగా, అల్లరిగా ఉండే పాట. మాటలున్నా భాష రాకపోతే చాలు, మాటల్లేనంత పవిత్రమైపోతుంది. అన్నట్టు అదే బృందం 2002లో పేరు లేని ఆల్బమ్ ఒకటి తెచ్చింది. అట్ట మీద రెండు బ్రాకెట్లు, లోపల ఎనిమిది పేరు లేని ట్రాకులు, మధ్యలో 36 సెకన్ల నిశ్శబ్దం, ఖాళీ పుస్తకం. ఆ కాగితాల మీద శ్రోతలే సాహిత్యం రాసుకోవచ్చన్నారు. విమర్శకుడు అక్షరాలా పాటించాడు.

గ్లాస్గో బృందం మొగ్వాయ్ దీనంతటికీ పడీపడీ నవ్వుకున్న బృందం. వాళ్ళ ట్రాకుల పేర్లు చూడండి: ‘ఐయామ్ జిమ్ మారిసన్, ఐయామ్ డెడ్’. ‘యూ ఆర్ లయొనెల్ రిచీ’. పేర్లు సరదాకి పెట్టినవే, వాటికి అర్థం లేదని వాళ్ళే చెప్పుకున్నారు. బృందం పేరు కూడా ‘గ్రెమ్లిన్స్’ సినిమాలోని బొచ్చు జంతువుది. అస్తిత్వం, మరణం, శూన్యం అంటూ మూడు పేరాలు బిగించిన విమర్శకుడు నాలుగో పేరాలో ఆ ట్రాకు పేరు రాయాల్సి వచ్చేసరికి లయొనెల్ రిచీ వచ్చి కూర్చుంటాడు. ఇంతకన్నా పెద్ద చిలిపితనం 1997 నాటి తొలి ఆల్బమ్ ‘యంగ్ టీమ్’ మొదట్లోనే ఉంది. ఒక అమ్మాయి గొంతు ఏదో గంభీరంగా చదువుతూ వినిపిస్తుంది: ఈ సంగీతం మనిషిని ఎక్కడికి తీసుకుపోతుందో, ఏం చేసేస్తుందో. అది నార్వేలోని బెర్గెన్‌లో ఒక విద్యార్థి పత్రిక మొగ్వాయ్ కచేరీ మీద రాసిన సమీక్ష, ఇంగ్లిష్‌లోకి మార్చి చదివించారు. సమీక్ష అయ్యాకే గిటార్లు అందుకుంటాయి. భజన ముందే జరిగిపోతే తర్వాత వచ్చేవాళ్ళకు పని ఉండదనుకున్నారేమో. ఆశ నెరవేరలేదు. 2006లో వాళ్ళ ఆల్బమ్ ‘మిస్టర్ బీస్ట్’ వచ్చినప్పుడు అలన్ మెక్గీ అది మై బ్లడీ వాలెంటైన్ బృందం ఆల్బమ్ ‘లవ్‌లెస్’ కన్నా గొప్పదేమో అనేశాడు. ‘లవ్‌లెస్’ను విడుదల చేసింది ఆయన కంపెనీయే కాబట్టి ఆ మాటకు బరువుండాలి. కానీ అప్పుడాయన మొగ్వాయ్‌కు మేనేజరు. పెళ్ళిళ్ళ పేరయ్య పిల్లాడి జీతం చెప్పినట్టుంది.

ఈ రోగం మరీ కొత్తదేం కాదు. 1810లో ఇ.టి.ఎ. హాఫ్‌మన్ బీథోవెన్ అయిదో సింఫనీ మీద రాసిన సమీక్షలో భయం, వేదన, అనంతమైన ఆకాంక్ష అన్నీ ఉన్నాయి. నేటి పోస్ట్-రాక్ సమీక్షకుడికి ఆయన ముత్తాత అవుతాడు. తేడా ఒక్కటే. హాఫ్‌మన్ స్వయంగా సంగీతం కట్టేవాడు, అదే సమీక్షలో స్వరలిపి అచ్చు వేయించి, ఏ భాగంలో ఏ వాద్యం ఏం చేస్తోందో, ఇతివృత్తం ఎలా తిరిగొస్తోందో వరసగా చూపించాడు. అనంతానికి పోయినా బాడుగ చెల్లించి పోయాడు. మునిమనవలు వారసత్వంలో అనంతాన్ని మాత్రం పంచుకున్నారు, స్వరలిపిని అటక మీదే వదిలేశారు.

నవ్వేముందు తెలుగువాళ్ళు తమ జిల్లా ఎడిషన్ ఒకసారి తిరగేయడం మంచిది. ఆరాధనోత్సవాల వార్తల్లో వయొలిన్ విద్వాంసుడు శ్రోతలను సంగీత సాగరంలో ఓలలాడిస్తాడు. వీణ విదుషీమణి వీనులవిందు చేస్తుంది. నాదస్వరం మంత్రముగ్ధుల్ని చేస్తుంది. ఏ రాగం, ఏ కృతి, స్వరకల్పన ఎంతసేపు సాగింది, తని ఆవర్తనంలో మృదంగం ఏం చేసింది అన్నది వార్తలో దొరికితే అదృష్టం. దొరికేది జ్యోతి ప్రజ్వలన చేసినవారి పేరు. ఇక్కడి బద్ధకానికి మాత్రం సాకు లేదు. పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ ‘నగుమోము’ అందుకుంటే హాల్లో సగం మంది లోపల్లోపల సాహిత్యం పాడుకునేవారు. మాటల్లేని వాద్యంలోనూ త్యాగయ్య మాటలున్నాయి. సంగతి, నెరవు, అనుపల్లవి అంటూ జరిగింది జరిగినట్టు చెప్పే పరిభాష వందేళ్ళకు పైగా సిద్ధంగా ఉంది. అన్నీ ఉండి సాగరంలో దూకుతున్నాం. గ్లాస్గో విమర్శకుడికి కనీసం అవి లేవు.

నిజం చెప్పాలంటే ఈ విషయంలో అందరికన్నా నిజాయితీపరుడు తెలుగు మాస్ అభిమాని. 2021లో ‘అఖండ’కు థమన్ ఇచ్చిన నేపథ్య సంగీతం గురించి అతనన్నది ఒకే మాట: బాక్సులు బద్దలయ్యాయి. ఇందులో విశ్వం లేదు, దేవదూతలు లేరు. ధ్వని ఎంత గట్టిగా ఉంది, ఎక్కడి నుంచి వచ్చింది, వచ్చాక ఆ పరికరానికి ఏమైంది అనే మూడు సంగతులు రెండు మాటల్లో ఉన్నాయి. అనుమానం ఉంటే థియేటర్‌కు వెళ్ళి బాక్సులు చూసుకోవచ్చు. ‘కాలాతీతమైన కన్నీటి కెథీడ్రల్’ను ఏ ఎలక్ట్రీషియన్ను పంపి తనిఖీ చేయించాలి?

మాటలతో చెప్పడం అసాధ్యం, అందుకే ఉపమానాలు వాడుతున్నాం అని విమర్శకుల పక్షం. ఒప్పుకోవడానికి వీల్లేదు. మొగ్వాయ్ ‘యంగ్ టీమ్’ చివర్లో ‘మొగ్వాయ్ ఫియర్ సాటన్’ అనే ట్రాకుంది, పదహారు నిమిషాల పైచిలుకు. అందులో జరిగేది ఇది: మూడు కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుత్తులు), అవే, ఆ వరసలోనే, తిరిగి తిరిగి వస్తుంటాయి. మారవు. వాటి కింద డ్రమ్స్ మాత్రం ఒకచోట నిలవకుండా దౌడు తీస్తుంటాయి. గిటార్ల రొద పెరిగి పెరిగి, అకస్మాత్తుగా అణిగి, ఇక అయిపోయిందనుకున్నాక విరుచుకుపడుతుంది. ఆ అణిగిన చోట్ల ఒక వేణువు వినిపిస్తుంది. ఎవరూ ఊహించని వాద్యం అది, అంత రొద పక్కన పలచగా పలకడమే దాని బలం. శ్రోత ఒళ్ళు జలదరించేది ప్రళయం వచ్చిందని కాదు. మారని మూడు కార్డ్స్‌కు చెవి అలవాటు పడి ఏమరుపాటుగా ఉన్న క్షణంలో వాటినే పది రెట్లు పెంచి కొట్టారని. ఇంత చెప్పడానికి మంచుకొండ ఒక్కటీ కావలసి రాలేదు.

స్టీవ్ ఆల్బినీ 1991లో ‘మెలొడీ మేకర్’కు రాసిన సమీక్ష ఇందుకు పాత సాక్ష్యం. కెంటకీలోని లూయీవిల్ కుర్రాళ్ళ బృందం స్లింట్ తమ ‘స్పైడర్‌లాండ్’ విడుదల కాకముందే విడిపోయింది. ఆ రికార్డును ఎవరూ పట్టించుకోని రోజుల్లో ఆల్బినీ దానికి పది నక్షత్రాలు ఇచ్చాడు, మధ్యలో ఒక బూతు కూడా చేర్చాడు. పొగడ్తలో పిసినారితనం లేదు, కానీ రికార్డింగు ఇంజనీరు కాబట్టి చెవి నేల మీదే ఉంది. అలంకారాల్లేని ఆ పొడి రికార్డింగు వింటే పక్కగది మాటలు చాటుగా విన్నట్టుంటుందని రాశాడు. ఆ రికార్డు వేసుకుని చూస్తే ఎవరికైనా అది తెలుస్తుంది. స్లింట్ తొలి ఆల్బమ్ రికార్డు చేసింది ఆయనే కదా, పక్షపాతం ఉండదా అంటే ఉండొచ్చు. పక్షపాతంతోనైనా విని రాశాడు.

అర్థం ఎక్కడి నుంచి వస్తుందో పోలండ్ స్వరకర్త పెండెరెట్స్‌కీ ముందే కనిపెట్టాడు. 52 తంత్రీ వాద్యాల కోసం ఒక రచన చేసి దానికి నిడివినే పేరుగా పెట్టాడు: ఎనిమిది నిమిషాల ముప్పై ఏడు సెకన్లు. తర్వాత పేరు మార్చి హిరోషిమా మృతులకు అంకితం చేశాడు. స్వరం ఒక్కటీ మారలేదు. ఆనాటి నుంచి వినేవాళ్ళందరికీ అందులో బాంబర్ విమానాలు వినిపిస్తున్నాయి. ఎక్స్‌ప్లోషన్స్ ఇన్ ది స్కైకి ఇలాంటిదే అనుకోకుండా జరిగింది. 2001 సెప్టెంబరు 11కు కొద్ది రోజుల ముందు వచ్చిన వాళ్ళ ఆల్బమ్ అట్టలో విమానం బొమ్మ, రేపు ఈ విమానం కూలుతుందన్న వాక్యం ఉన్నాయి. ఆ వారం తర్వాత ఆ గిటార్లలో జోస్యం వినపడింది. గిటార్లు అంతకుముందు వాయించినవే వాయించాయి.

గాడ్‌స్పీడ్‌కు ఈ కిటుకు బాగా తెలుసు, దాన్ని విమర్శకుల మీదే తిప్పికొట్టింది. 2002లో పేరులోని ఆశ్చర్యార్థకాన్ని చివరి నుంచి మధ్యకు జరిపింది, దాని మీద కూడా రాసుకోమన్నట్టు. అదే ఏడాది ‘యాంకీ యు.ఎక్స్.ఓ.’ అట్ట వెనక పెద్ద రికార్డు కంపెనీలకూ ఆయుధ కంపెనీలకూ మధ్య గీతలు గీసి పటం అచ్చు వేసింది. 2013లో కెనడా విమర్శకులు, రేడియోవాళ్ళు ఓట్లేసి పొలారిస్ సంగీత పురస్కారం, 30,000 డాలర్లు ఇస్తే, కష్టకాలంలో ఈ విందులూ వేడుకలూ ఎందుకని చీవాట్లు పెట్టింది. ఆ డబ్బుతో క్యుబెక్ జైళ్ళలో ఖైదీలకు వాద్యాలు సమకూర్చే ప్రయత్నం చేస్తామంది. చీవాట్లు తిన్నవాళ్ళు వాటినీ ఆ బృందం మహత్తులో భాగంగా కీర్తించారు. 2024 అక్టోబరులో వచ్చిన ఆల్బమ్‌కు అసలు పేరే పెట్టలేదు. పేరు ఉండాల్సిన చోట 2024 ఫిబ్రవరి 13 అనే తేదీ, అప్పటికి గాజాలో చనిపోయినవారి లెక్క 28,340 అచ్చు వేసింది. ఇక మబ్బులూ గోపురాలూ రాయడానికి చోటు లేదు. అయినా పత్రిక పద్ధతి పత్రికదే: సమీక్ష పైన ఆ సంఖ్య వేసి, దాని పక్కనే ఆల్బమ్‌కు పదికి ఎన్నొచ్చాయో కూడా వేయాలి. వేశారు, దశాంశంతో సహా.